తీపి బిళ్ళ మీద అనుమానమా? ఏం చూడాలి, ఎలా లెక్క కట్టాలి

నాకు చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. రిటైరయ్యేదాకా కెమిస్ట్రీ పాఠాలు చెప్పాను. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండేసరికి, చక్కెరకు బదులు వేసుకునే తీపి బిళ్ళల విషయంలో చుట్టాలందరికీ నేనే సలహాదారుణ్ణి అయిపోయాను. కొత్త వార్త ఏది వచ్చినా మా మరదలు ఫోన్ చేస్తుంది. "బావగారూ, ఆ బిళ్ళలతో క్యాన్సర్ వస్తుందట కదా, ఇంకా వేసుకుంటున్నారా?" అంటుంది. "ఏ బిళ్ళమ్మా?" అంటాను. అక్కడితో సంభాషణ ఆగిపోతుంది. డబ్బా వంటింట్లో ఉంటుంది, అందులో ఏముందో ఎవరూ చదివి ఉండరు.

పేరు తెలియకుండా భయపడడం, పేరు తెలియకుండా ధైర్యంగా ఉండడం, రెండూ ఒకటే. శాకరిన్ మీద ఉన్న అభ్యంతరం ఆస్పర్టేమ్‌కు వర్తించదు. ఆస్పర్టేమ్ మీద ఉన్నది ఎరిత్రిటాల్‌కు వర్తించదు. అందుకే నేను చెప్పే పద్ధతిలో మొదటి పని డబ్బా తెచ్చుకుని కూర్చోవడం.

వెనక్కి తిప్పండి

డబ్బా ముందువైపు ఉండేదంతా అమ్మేవాళ్ళ మాట. 'జీరో', 'నేచురల్', 'నో యాడెడ్ షుగర్' అన్నీ అక్కడే ఉంటాయి. మనకు కావలసింది వెనక చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా. కళ్ళజోడుకి కూడా అందకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి, నేను అదే చేస్తాను.

చాలాసార్లు పేరుకి బదులు అంకె ఉంటుంది, దాని ముందు 'ఈ' అనో 'ఐఎన్ఎస్' అనో రాస్తారు. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే చాలు: 950 ఎసిసల్ఫేమ్ పొటాషియం, 951 ఆస్పర్టేమ్, 952 సైక్లమేట్, 954 శాకరిన్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా ఆకు నుంచి తీసిన తీపి. ఇవి ఒక గుంపు. 420 సార్బిటాల్, 965 మాల్టిటాల్, 967 జైలిటాల్, 968 ఎరిత్రిటాల్. ఇవి రెండో గుంపు.

ఈ విభజన నేను సరదాకి చేసింది కాదు. మొదటి గుంపువి మిల్లీగ్రాముల్లో పనిచేస్తాయి. ఆస్పర్టేమ్ చక్కెర కంటే సుమారు 200 రెట్లు తియ్యగా ఉంటుంది, శాకరిన్ 300 నుంచి 400 రెట్లు, సుక్రలోజ్ 600 రెట్లు. కాబట్టి ఒంట్లోకి వెళ్ళేది చిటికెలో చిటికె. రెండో గుంపు వాటి తీపి చక్కెరకు సమానం, లేదా ఇంకా తక్కువ. ఎరిత్రిటాల్ అయితే చక్కెరలో 70 శాతం తీపి మాత్రమే. అంటే అవి గ్రాముల్లో, ఒక్కోసారి పదుల గ్రాముల్లో తింటాం. ఒంటి మీద ప్రభావం గురించి ఆలోచించేటప్పుడు మిల్లీగ్రాముకీ గ్రాముకీ మధ్య ఉన్న ఆ వెయ్యి రెట్ల తేడా మరిచిపోకూడదు.

జాబితాలో పదార్థాలు బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. 'స్టీవియా' అని పెద్ద పచ్చటి ఆకు బొమ్మ వేసిన పొడి వెనక్కి తిప్పితే, మొదటి పేరు ఎరిత్రిటాల్ అయి ఉండడం చాలా మామూలు. స్టీవియా చివరన ఎక్కడో ఉంటుంది. ఆకు కొన్నామని మనం అనుకుంటాం, డబ్బాలో నూటికి తొంభై పైన ఇంకేదో ఉంటుంది.

సాచెట్లలో ఇంకో సంగతి. ఒక సాచెట్‌కు సుక్రలోజ్ పది పన్నెండు మిల్లీగ్రాములు చాలు. అంత కొంచెం పొడిని కాగితంలో పెట్టి అమ్మలేరు కాబట్టి మాల్టోడెక్స్ట్రిన్, డెక్స్ట్రోజ్ లాంటి నింపుడు పొడి కలుపుతారు. అవి పిండిపదార్థాలే, రక్తంలో షుగర్‌ను పెంచేవే. ఒక్క సాచెట్‌లో ఉండేది గ్రాములోపు కాబట్టి అది లెక్కలోకి రాదు. అమెరికాలో ఒక వడ్డనకు 5 కేలరీలలోపు ఉంటే 'సున్నా' అని రాసుకునే వీలు కూడా ఉంది. కానీ అదే పొడిని కప్పులకొద్దీ కొలిచి వంటలో వాడితే సున్నాలన్నీ కలిసి సున్నా అవ్వవు.

బరువుతో గుణించండి

పేరు తెలిసింది. ఇప్పుడు లెక్క.

మొదటి గుంపులోని ప్రతి స్వీట్నర్‌కూ ఒక రోజువారీ పరిమితి ఉంది, ఏడీఐ అంటారు. జీవితాంతం రోజూ తీసుకున్నా చెప్పుకోదగ్గ ప్రమాదం లేదని నిపుణులు అంచనా కట్టిన మోతాదు అది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఏ హానీ కనిపించని అత్యధిక మోతాదు తీసుకుంటారు, దాన్ని సాధారణంగా వందతో భాగిస్తారు. జంతువుకీ మనిషికీ తేడా ఉంటుందని ఒక పది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఇంకో పది. ఒకరోజు గీత దాటితే ఆ రాత్రే ఏదో అయిపోతుందని అర్థం కాదు. రోజూ గీత దాటే అలవాటు ఉంటే మాత్రం ఆలోచించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నడిపే జెక్ఫా అనే నిపుణుల సంఘం ప్రకారం, కిలో శరీర బరువుకు ఆస్పర్టేమ్ 40 మిల్లీగ్రాములు, సుక్రలోజ్ 15, ఎసిసల్ఫేమ్ 15, శాకరిన్ 5. స్టీవియాకు 4, కానీ అది స్టీవియోల్ (ఆ తీపి ఒంట్లో విడిపోయాక మిగిలేది) రూపంలో కట్టిన లెక్క. డబ్బా మీద రాసే 'రెబాడియోసైడ్-ఏ' అనే రూపంలో అయితే సుమారు 12 అవుతుంది. దేశాన్ని బట్టి అంకెలు మారుతాయి. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆస్పర్టేమ్‌కు 50 అంటుంది, సుక్రలోజ్‌కు 5 అంటుంది. రెండు అంకెలు ఎదురైతే నేను చిన్నదే తీసుకుంటాను, ఎలాగూ అక్కడిదాకా వెళ్ళం కాబట్టి.

ఇప్పుడు 60 కిలోల మనిషిని తీసుకుందాం. ఆస్పర్టేమ్ పరిమితి 60 ఇంటూ 40, అంటే 2,400 మిల్లీగ్రాములు. బిళ్ళకు 20 మిల్లీగ్రాములు ఉందనుకుంటే ఆ గీత చేరడానికి రోజుకు 120 బిళ్ళలు కావాలి. మీ డబ్బా మీద బిళ్ళకు ఎంత ఉందో చూసి 20 స్థానంలో ఆ అంకె వేసుకోండి. సుక్రలోజ్ సాచెట్ 12 మిల్లీగ్రాములది అయితే, ఎఫ్‌డీఏ చిన్న అంకెతో కట్టినా 60 కిలోల మనిషికి రోజుకు 25 సాచెట్లు. టీ కాఫీల్లో మాత్రమే వాడే మనిషి ఈ అంకెల దరిదాపుల్లోకి కూడా రాడు. మా మరదలికి ఈ లెక్క చెప్పాక, "అయితే నూటపంతొమ్మిది వేసుకోవచ్చన్నమాట" అంది. ఆవిడ వెటకారం ఆవిడది.

అదే లెక్క పిల్లల దగ్గర తిరగబడుతుంది. పరిమితి కిలోకు ఇంత అని కదా. 15 కిలోల పిల్లాడికి ఆస్పర్టేమ్ గీత 600 మిల్లీగ్రాముల దగ్గరే ఉంది. ఒక డైట్ డ్రింకు టిన్నులో 200 నుంచి 300 దాకా ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే లెక్కకు తీసుకుంది. రెండు మూడు టిన్నులు, అంతే. ఇంట్లో పెద్దవాళ్ళకు తెచ్చిన 'జీరో' డ్రింకు 'చక్కెర లేదు కదా' అని పిల్లల చేతికి ఇచ్చే ఇళ్ళు నేను చూశాను. నేను టెన్షన్ పడేది ఆ ఇళ్ళ గురించే. పసిపిల్లల ఆహారంలో స్వీట్నర్లు కలపడాన్ని యూరప్ చట్టం అసలు ఒప్పుకోదు.

లెక్క వేసేటప్పుడు బిళ్ళలొక్కటే కాకుండా ఇంట్లో తీపి ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతకండి. చ్యూయింగ్ గమ్, దగ్గు సిరప్, నమిలే విటమిన్ మాత్ర, ప్రోటీన్ పౌడర్, 'షుగర్‌లెస్' బిస్కెట్, రుచులు కలిపిన పెరుగు. ప్రోటీన్ పౌడర్ వాడే కుర్రాళ్ళు మా బోటి వాళ్ళ బిళ్ళలను చూసి నవ్వుతారు, రోజూ వాళ్ళు తాగే సుక్రలోజ్ మాకంటే ఎక్కువే ఉండవచ్చు.

క్యాన్సర్ వార్తను ఎలా చదవాలి

ఎక్కువమందికి ఉన్న భయం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కథ శాకరిన్‌తో మొదలు. 1879లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ ల్యాబ్‌లో కాన్‌స్టంటిన్ ఫాల్‌బర్గ్ అనే కెమిస్టు చేతికంటిన తీపి అది. దాదాపు వందేళ్ళు వాడాక, ఎక్కువ మోతాదులో తిన్న ఎలుకలకు మూత్రాశయ క్యాన్సర్ వచ్చిందని తేలింది. 1977లో ఎఫ్‌డీఏ నిషేధించబోయింది. జనం ఊరుకోలేదు, అమెరికా కాంగ్రెస్ నిషేధాన్ని ఆపి హెచ్చరిక లేబుల్‌తో సరిపెట్టింది. ఆ తర్వాత పరిశోధనలో తెలిసిందేమిటంటే, మగ ఎలుక మూత్రంలో ఉండే ప్రోటీన్లు, కాల్షియం ఫాస్ఫేట్ కలిసి శాకరిన్ సమక్షంలో స్ఫటికాలుగా మారి మూత్రాశయం గోడను గీరుతున్నాయి. ఆ గాయం మానడానికి కణాలు పదేపదే పుడుతూ చివరికి కణితి అవుతోంది. మనిషి మూత్రం స్వభావం వేరు, అక్కడ అలా జరగదు. 2000లో క్యాన్సర్ కారకాల అమెరికా అధికారిక జాబితా నుంచి శాకరిన్‌ను తీసేశారు, హెచ్చరిక లేబులూ పోయింది. 'ఎలుకల్లో క్యాన్సర్' అన్న పాత వార్త మాత్రం ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

ఇక ఆస్పర్టేమ్. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ దాన్ని '2బీ' వర్గంలో, అంటే 'క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది' అనే వర్గంలో చేర్చింది. మనుషుల్లో కాలేయ క్యాన్సర్‌కు సంబంధించి పరిమితమైన ఆధారాలే ఉన్నాయని అదే చెప్పింది. కలబంద మొత్తం ఆకు సారం కూడా అదే 2బీలో ఉంది. ప్రాసెస్ చేసిన మాంసం దానికంటే పైన, నిర్ధారణ అయిన ఒకటో వర్గంలో ఉంది. ఈ వర్గాలు ఆధారం ఎంత గట్టిదో చెబుతాయి, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పేది జెక్ఫా. అదే రోజు జెక్ఫా తన నిర్ణయం కూడా ప్రకటించింది: పరిమితి మార్చాల్సిన అవసరం కనిపించలేదు, కిలోకు 40 మిల్లీగ్రాములు అలాగే ఉంటుంది. 70 కిలోల మనిషి ఆ గీత దాటాలంటే రోజుకు 9 నుంచి 14 టిన్నులకు పైగా తాగాలి. మనకు వచ్చిన వార్తల్లో మొదటి సగమే పెద్ద అక్షరాల్లో వచ్చింది.

2022లో ఫ్రాన్స్‌లో లక్షమందికి పైగా పెద్దవాళ్ళను గమనించిన అధ్యయనం ఒకటి వెలువడింది. స్వీట్నర్లు ఎక్కువగా తీసుకునేవాళ్ళలో, అసలు తీసుకోనివాళ్ళతో పోలిస్తే క్యాన్సర్ రేటు 13 శాతం ఎక్కువ కనిపించింది. దీన్ని కొట్టిపారేయను. కానీ చదివేటప్పుడు ఒక ప్రశ్న దగ్గర పెట్టుకోండి: ఆ బిళ్ళలు ఎవరు వాడతారు? బరువు పెరిగినవాళ్ళు, షుగర్ వచ్చినవాళ్ళు, వస్తుందని డాక్టరు హెచ్చరించినవాళ్ళు. జబ్బు ముందు, బిళ్ళ తర్వాత. అధిక బరువే కొన్ని క్యాన్సర్లకు కారణం. పరిశోధకులు బరువు, వయసు, పొగతాగే అలవాటు లాంటి వాటిని లెక్కలో సరిచేస్తారు, అయినా మొత్తం తీసేయడం ఎవరి వల్లా కాదు. కాబట్టి 'గమనించాం' అన్న అధ్యయనానికి ఒక విలువ, 'రెండు గుంపులుగా విడదీసి ఇచ్చి చూశాం' అన్న అధ్యయనానికి ఇంకో విలువ ఇవ్వాలి. వార్తలో 'ఇచ్చి చూశాం' అన్న ఆ రెండో మాట వెతకండి. దొరక్కపోతే ఆ వార్త మీ అలవాటు మార్చేంతది కాదు.

ఆస్పర్టేమ్ ఒంట్లో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్‌ను ఇస్తుంది అన్న భయం కూడా నా దగ్గరికి తరచూ వస్తుంది. ఇస్తుంది, నిజమే. ఆస్పర్టేమ్ జీర్ణమయ్యాక సుమారు సగం ఫినైలాలనిన్, 40 శాతం ఆస్పార్టిక్ ఆమ్లం, పదో వంతు మిథనాల్ అవుతుంది. 200 మిల్లీగ్రాములు ఉన్న టిన్నుకు 20 మిల్లీగ్రాముల మిథనాల్. ఒక గ్లాసు టమాటా రసం నుంచి దానికంటే ఎక్కువే వస్తుంది.

నన్ను నిజంగా ఆలోచింపజేసేవి

క్యాన్సర్ కన్నా నాకు పట్టింపు ఉన్నవి వేరే ఉన్నాయి.

మొదటిది బరువు. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక సూచన ఇచ్చింది: బరువు తగ్గడానికి స్వీట్నర్ల మీద ఆధారపడవద్దు అని. కొద్దికాలపు ప్రయోగాల్లో బరువు కాస్త తగ్గినట్టు కనిపించినా, దీర్ఘకాలంలో ఆ లాభం నిలబడలేదనీ, ఎక్కువగా వాడేవాళ్ళలో టైప్-2 షుగర్, గుండె జబ్బులు ఎక్కువగా కనిపించాయనీ చెప్పింది. ఇక్కడ రెండు మాటలు అందరూ వదిలేస్తారు. ఒకటి, అది గట్టి ఆదేశం కాదు, షరతులతో ఇచ్చిన సూచన, కారణం నేను పైన చెప్పిన చిక్కే. రెండు, అప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకు ఆ సూచన వర్తించదని అందులోనే రాశారు. అంటే నాబోటి వాడికి ఆ సూచన కాదు, నడుము తగ్గించుకోవాలని డైట్ డ్రింకులు మొదలుపెట్టిన నా మేనల్లుడికి. వాడికి నేను చెప్పేది చిన్న మాటే: చక్కెర డ్రింకు స్థానంలో డైట్ డ్రింకు తాగితే లాభమే, నీళ్ళ స్థానంలో డైట్ డ్రింకు తాగితే ఏ లాభమూ లేదు. పైగా అందులో ఆమ్లం అలాగే ఉంటుంది, చక్కెర లేకపోయినా అది పంటి ఎనామిల్‌ను అరగదీస్తుంది.

రెండోది పేగులు. 2022లో ఇజ్రాయెల్ పరిశోధకులు స్వీట్నర్లు అలవాటు లేని 120 మంది ఆరోగ్యవంతులకు శాకరిన్, సుక్రలోజ్, ఆస్పర్టేమ్, స్టీవియా విడివిడిగా రెండు వారాలు ఇచ్చి చూశారు. మోతాదులు రోజువారీ పరిమితికి లోపలే. నాలుగూ పేగుల్లోని సూక్ష్మజీవుల్లో మార్పు తెచ్చాయి. శాకరిన్, సుక్రలోజ్ తీసుకున్నవాళ్ళలో గ్లూకోజ్‌ను తట్టుకునే శక్తి తగ్గింది, అదీ అందరిలో ఒకేలా కాదు. ఇది ఇచ్చి చూసిన ప్రయోగం కాబట్టి నేను పట్టించుకుంటాను. చిన్నది కాబట్టి డబ్బా చెత్తబుట్టలో వేయను. గ్లూకోమీటర్ ఉన్నవాళ్ళు తమ మీద తామే చూసుకోవచ్చు. రెండు వారాలు మామూలుగా, రెండు వారాలు స్వీట్నర్ పూర్తిగా మానేసి, తిండి, నడక, మందులు మార్చకుండా, ఉదయం పరగడుపు రీడింగ్ రాసుకోండి. మానేసిన చోట చక్కెర వేసుకుంటే ఈ పరీక్షకు అర్థం లేదు, తీపి లేకుండా తాగాలి. నా విషయంలో తేడా ఏమీ కనబడలేదు. మీకు కనబడవచ్చు.

మూడోది ఎరిత్రిటాల్. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో క్లీవ్‌లాండ్ క్లినిక్ బృందం, రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువ ఉన్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా వచ్చాయని రాసింది. మన ఒళ్ళు కూడా స్వయంగా కొంత ఎరిత్రిటాల్ తయారుచేసుకుంటుంది, జీవక్రియ దెబ్బతిన్నవాళ్ళలో అది ఎక్కువ ఉండవచ్చు. కాబట్టి ఆ భాగం ఒక్కటే అయితే నేను పెద్దగా కదిలేవాణ్ణి కాదు. కానీ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న కొద్దిమందికి 30 గ్రాములు తాగించి చూస్తే రక్తంలో దాని స్థాయి వెయ్యి రెట్లు పెరిగి, రెండు రోజులకు పైగా ఎక్కువగానే ఉండిపోయింది. రక్తం గడ్డకట్టే కణాలు ప్రయోగశాలలో దాని సమక్షంలో చురుగ్గా మారాయి. 30 గ్రాములంటే ఒక పూట తినే ఐస్‌క్రీమ్‌లో, కేకులో దొరికే మోతాదే. 2024లో అదే బృందం జైలిటాల్ గురించీ ఇలాంటిదే ప్రచురించింది. తుది తీర్పు రాలేదు. స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, ఒకసారి స్ట్రోక్ వచ్చినవాళ్ళు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళు ఎరిత్రిటాల్‌తో చేసిన తిళ్ళు పెద్దమొత్తంలో తినకపోతే పోయేదేమీ లేదు. మా ఇంట్లో నేను పాటిస్తున్నది అదే. చ్యూయింగ్ గమ్‌లో ఉండే ఒక గ్రాము గురించి పట్టించుకోను.

పేరు చివర 'ఆల్' ఉన్న మిగతావాటి గొడవ చిన్నది, కడుపుది. సార్బిటాల్, మాల్టిటాల్ ఎక్కువైతే ఉబ్బరం, విరేచనాలు. 'షుగర్‌ఫ్రీ' చాక్లెట్ పెట్టె ఒక్కపూటలో ఖాళీ చేసినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. షుగర్ ఉన్నవాళ్ళు మాల్టిటాల్‌ను సున్నా అనుకోకండి. చక్కెరలో సగానికి పైగా కేలరీలు ఇస్తుంది, రక్తంలో షుగర్‌నూ పెంచుతుంది, కాకపోతే నెమ్మదిగా.

వేడి, తలనొప్పి

ఆస్పర్టేమ్ వేడికి విడిపోయి తీపి పోగొట్టుకుంటుంది. మరిగేదాంట్లో వేస్తే మీకు తీపి తగలదు, ఇంకో రెండు బిళ్ళలు వేస్తారు. కప్పులో పోసుకున్నాక వేయండి. సుక్రలోజ్ వేడికి ఆగుతుందని చాలాకాలం బేకింగ్‌కు వాడారు. అయితే 120 డిగ్రీలు దాటిన వేడిలో అది విడిపోయి హానికరమైన క్లోరిన్ సమ్మేళనాలు ఏర్పడవచ్చని జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్ఆర్ 2019లో హెచ్చరించింది. నీళ్ళు మరిగేది 100 దగ్గర కాబట్టి టీకి ఇబ్బంది లేదు. ఓవెన్‌లో పెట్టేవాటికీ, నూనెలో వేయించేవాటికీ వద్దు. వండి దించాక కలుపుకోండి.

బిళ్ళ వేసుకుంటే తలనొప్పి వస్తోంది అనేవాళ్ళున్నారు. కొందరికి నిజంగానే ఉండవచ్చు, ప్రయోగాలు మాత్రం రెండు రకాలుగానూ చెప్పాయి. తేల్చుకోవడానికి ఇంట్లోనే దారి ఉంది. మీ కప్పులో ఏ రోజు ఆస్పర్టేమ్ వేయాలో, ఏ రోజు సుక్రలోజ్ వేయాలో ఇంకొకరు నిర్ణయించి, చెప్పకుండా వేసి, తన డైరీలో రాసుకోవాలి. మీరు తలనొప్పి వచ్చిన రోజులు మీ కాగితంలో రాసుకోండి. కొన్ని వారాలయ్యాక రెండూ పక్కపక్కన పెట్టండి. మా ఆవిడకు ఈ పరీక్ష చేయడం చాలా ఇష్టం, నన్ను మోసం చేయడానికి అధికారికంగా దొరికిన అవకాశం కదా.

ఎవరు లెక్క వేయకుండానే ఆగాలి

ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్ళకు ఆస్పర్టేమ్ పనికిరాదు. వాళ్ళ ఒళ్ళు ఫినైలాలనిన్‌ను వదిలించుకోలేదు, అది మెదడుకు దెబ్బ. 'ఫినైలాలనిన్ ఉంది' అని లేబుల్ మీద రాసేది వాళ్ళ కోసమే. మిగతావాళ్ళు ఆ వాక్యం చూసి భయపడనక్కర లేదు, మాంసం, పాలు, గుడ్డు అన్నిటిలోనూ ఫినైలాలనిన్ ఉంటుంది. గర్భిణులు శాకరిన్ మానుకోవడం మంచిది, అది మావిని దాటి బిడ్డకు చేరుతుంది. మిగతావాటి గురించి తమను చూసే డాక్టరుకు డబ్బా చూపించి అడగాలి. డబ్బానే తీసుకెళ్ళండి, 'ఏదో తీపి బిళ్ళ వాడుతున్నా' అంటే ఆయనా మీకు చెప్పగలిగేది ఏమీ ఉండదు.

తగ్గించుకోవాలంటే

పరిమితిలోపు ఉన్నాం కదా అని నేను ఆగిపోలేదు. అంత తీపి రోజంతా నాలుక మీద అవసరమా అన్నది వేరే ప్రశ్న. ఒక్కసారిగా మానేసినవాళ్ళు ఎక్కువమంది చక్కెర దగ్గరికే తిరిగి వెళ్తారు, అది అన్నిటికంటే చెడ్డ మార్పు. రెండు బిళ్ళలు వేసుకునేవాళ్ళు ఒకటిన్నరకు దిగండి. బిళ్ళ విరగ్గొట్టడం కష్టమైతే ద్రవరూపంలో దొరికేది కొని చుక్కలు లెక్కపెట్టండి. ఆ తీపి చాలు అనిపించేదాకా అక్కడే ఆగి, తర్వాత ఇంకొంచెం దిగండి. రోజులో ముఖ్యమైన కప్పును చివరికి వదిలేయండి. నాకు ఉదయం కాఫీ అది, మిగతావన్నీ తీపి లేకుండానే వెళ్ళిపోతున్నాయి, ఆ ఒక్కదానికి మాత్రం బిళ్ళ పడుతుంది. దాన్ని తీసేసే ఉద్దేశం నాకు లేదు.

షుగర్ పడిపోయినప్పుడు

ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, షుగర్‌ను బాగా దించే మాత్రలు వాడేవాళ్ళు ఉన్న ఇంట్లో అసలైన ప్రమాదం ఇక్కడ ఉంది. చెమటలు, వణుకు, మాట తడబాటు, రీడింగ్ 70 కంటే కింద. ఇంట్లో ఎవరో కంగారులో చేతికందిన 'తీపి' కలిపి తాగిస్తారు. అది డైట్ డ్రింకు అయినా, బిళ్ళలు కలిపిన నీళ్ళయినా రక్తంలో షుగర్ ఒక్క పాయింటు కూడా పెరగదు. విలువైన నిమిషాలు పోతాయి. అలాంటి ఇంట్లో అసలు గ్లూకోజ్ పొడి విడిగా, పెద్ద అక్షరాలతో పేరు రాసి, అందరికీ తెలిసిన చోట ఉండాలి. స్పృహలో ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్, లేదా మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ రీడింగ్ చూడాలి. ఇంకా 70 దాటకపోతే మళ్ళీ ఇవ్వాలి. ఆకార్బోజ్, వోగ్లిబోజ్ మాత్రలు వాడేవాళ్ళకు చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజే ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆంబులెన్స్‌కు ఫోన్ చేయాలి.

ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ ఉన్న గమ్ములు, పొడులు దానికి అందనంత ఎత్తులో పెట్టండి. మనకు కడుపుబ్బరం తెచ్చేది దానికి కొద్ది మోతాదులోనే షుగర్ పడగొట్టి, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం చూడకుండా, ప్యాకెట్ వెంట పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.